చేప తలకాయ, పొలుసు, రొయ్య పొట్టు: వాటి సారాన్ని మేలు జరిగేలా వాడుకోవడం ఎలా? నల్గొండ, పాలమూరు ఇళ్ల కోసం సమగ్ర మార్గదర్శి

చేప కోయించుకున్నాక తలకాయ, పొలుసు, తోలు, రెక్కలు, బొక్కలు మిగులుతాయి. రొయ్యలు ఒలిస్తే దాదాపు సగం బరువు తల, పొట్టు కిందే పోతుంది. ఫ్యాక్టరీల్లో ఇదే మిగులు నుంచి చేప నూనె, చర్మానికి, కీళ్లకని కొల్లాజెన్ పొడి, కీళ్ల నొప్పికని గ్లూకోసమైన్ మాత్రలు, బరువు తగ్గడానికని కైటోసాన్ తీసి డబ్బాల్లో అమ్ముతున్నారు. "మేం పారేసేదాన్ని ఇంట్లోనే వాడుకోవచ్చా? డబ్బా కొనుక్కోవాలా? ఎంత తినాలి? ఎవరికి పడదు?" అని చాలామంది అడుగుతున్నారు.

వంటింట్లో చేసుకోగలిగేవి మూడు ఉన్నాయి, దుకాణంలో కొనాల్సినవి కొన్ని, అసలు ముట్టకూడనివి రెండు. వీటన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది ఫ్లోరైడ్, అంటే మన బోరు నీళ్లలో కరిగి ఉండి, మోతాదు మించితే ఎముకలను, పళ్లను పాడుచేసే పదార్థం. ఇంటర్నెట్‌లో దొరికే బొక్కల చారు సలహాలు ఎక్కడో మంచినీళ్లున్న ఊళ్ల కోసం రాసినవి. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి వైపు వాటిని ఉన్నది ఉన్నట్టు పాటిస్తే మేలు కోసం చేసిన పని కీడు చేయొచ్చు. అందుకే ఈ మార్గదర్శిలో కొన్ని మెట్లు మామూలు వంటల పద్ధతికి ఎదురుగా ఉంటాయి.

1. ముందు తేల్చుకోండి: దేనికోసం?

ఏ భాగంలో ఏముందో తెలిస్తే సగం అయోమయం పోతుంది.

- తోలు, పొలుసు, రెక్కలు: కొల్లాజెన్ అనే ప్రోటీన్. సన్నని సెగ మీద ఉడికితే ఇదే జెలటిన్‌గా మారి నీళ్లలోకి దిగుతుంది.
- తలకాయ: కొవ్వు, అందులో ఒమేగా-3 అనే మంచి రకం కొవ్వు కూడా. మెదడు చుట్టూ, కళ్ల వెనక ఎక్కువ.
- రొయ్య పొట్టు: కైటిన్ అనే గట్టి పదార్థం, అస్టాజాంథిన్ అనే ఎర్ర రంగు. కైటిన్ నుంచే ఫ్యాక్టరీలో గ్లూకోసమైన్, కైటోసాన్ చేస్తారు.
- బొక్కలు, ముండ్లు: కాల్షియం, ఫాస్ఫరస్. నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటే అదీ ఇక్కడే చేరుతుంది.

ఎక్కువమంది వీటి గురించి అడిగేది మోకాళ్లు, నడుము నొప్పి కోసం. మన జిల్లాల్లో ఆ నొప్పికి కారణం వయసో, అరుగుదలో అయి ఉండొచ్చు, ఒంట్లో ఫ్లోరైడ్ పేరుకుని వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు కూడా కావచ్చు. ఫ్లోరోసిస్‌ను ఏ కొల్లాజెన్ పొడీ, ఏ గ్లూకోసమైన్ మాత్రా తగ్గించదు. కాబట్టి పైసా ఖర్చు పెట్టకముందే ఇంట్లో ఈ మూడు చూసుకోండి:

- మోకాళ్లు వంచకుండా వంగి నేల మీద ఉన్న నాణెం తీయగలుగుతున్నారా?
- గడ్డాన్ని ఛాతీకి ఆనించగలుగుతున్నారా?
- రెండు చేతులూ పక్కలకు చాచి, మోచేతులు మడిచి తల వెనక ఆనించగలుగుతున్నారా?

ఈ మూడింటిలో ఏది కష్టమైనా, ఎన్నో ఏళ్లు బోరు నీళ్లే తాగి ఉంటే, పళ్ల మీద పసుపు, గోధుమ రంగు చారలుంటే ముందు డాక్టర్‌కు చూపించండి. తాగే నీళ్లను గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. ఈ మార్గదర్శిలోని మిగతా మెట్లు ఆ తర్వాతే.

2. ఎవరు దూరంగా ఉండాలి, ఎవరు అడిగి తినాలి

రొయ్యలు తింటే దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం వచ్చేవాళ్లు పొట్టుతో చేసిన దేన్నీ ముట్టకూడదు. ఆ అలర్జీకి మూలమైన ప్రోటీన్ ఉడికించినా చావదు. రొయ్యలు ఉడికే ఆవిరి పీల్చినా కొందరికి ఇబ్బంది వస్తుంది. గ్లూకోసమైన్, కైటోసాన్ డబ్బాల మీద రొయ్య, పీత అలర్జీ హెచ్చరిక ఉండేది ఇందుకే.

డాక్టర్‌ను అడిగాకే మొదలుపెట్టాల్సినవాళ్లు:

- రక్తం పలుచన చేసే మందులు వాడేవాళ్లు. ముఖ్యంగా వార్ఫరిన్ వాడేవాళ్లకు చేప నూనె, గ్లూకోసమైన్, కైటోసాన్ మూడింటితోనూ జాగ్రత్త అవసరం.
- కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు. వాళ్ల ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువగా నిలిచిపోతుంది. చారులోని ఫాస్ఫరస్, పొటాషియం కూడా సమస్యే.
- యూరిక్ యాసిడ్, గౌట్ ఉన్నవాళ్లు. తలకాయ, తోలు, రొయ్యల్లో ఉండి ఒంట్లో యూరిక్ యాసిడ్‌గా మారే ప్యూరిన్లు చారులోకి దిగుతాయి.
- గర్భిణులు. కాడ్ అనే చేప కాలేయం నుంచి తీసే కాడ్ లివర్ నూనెలో విటమిన్ ఎ ఎక్కువ, అది మోతాదు మించితే కడుపులో బిడ్డకు ప్రమాదం.
- త్వరలో ఆపరేషన్ ఉన్నవాళ్లు, గుండె దడ సమస్య ఉన్నవాళ్లు.

చిన్నపిల్లలకు క్యాప్సూళ్లు అక్కర్లేదు. ముల్లు తీసిన చేప ముక్క చాలు.

3. చేప ఎక్కడిదో తెలుసుకోండి

కండను వాడేటప్పుడు కంటే మిగులు భాగాలను వాడేటప్పుడు చేప పెరిగిన నీళ్లు ఎక్కువ ముఖ్యం. సీసం, కాడ్మియం లాంటి లోహాలు మొప్పలు, కాలేయం, మూత్రపిండాల్లో కండకంటే ఎక్కువ పేరుకుంటాయి. ఫ్లోరైడ్ బొక్కల్లో, పొలుసుల్లో చేరుతుంది.

నా ఎంపిక వరుస ఇది. నాగార్జునసాగర్, జూరాల, సోమశిల వైపు శ్రీశైలం వెనక నీళ్లలో పట్టిన చేప మొదటిది. తర్వాత డిండి, కోయిల్‌సాగర్ లాంటి జలాశయాలది. ఆ తర్వాత వానలతో, కాలువ నీళ్లతో నిండే ఊరి చెరువు చేప. బోరు నీళ్లతో నింపిన గుంటల్లో పెంచిన చేప అయితే కండ తినండి, తలకాయ, పొలుసు వదిలేయండి.

మూసీ చేప విషయంలో మొహమాటం వద్దు. హైదరాబాద్ మురుగు, ఫ్యాక్టరీల వ్యర్థాలు మోసుకుంటూ ఆ నది మన జిల్లా గుండా వచ్చి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఆ నీళ్ల చేప తలకాయతో గానీ, పొలుసులతో గానీ చారు కాయొద్దు. మూసీ మీద బతికే మత్స్యకారుల తప్పు ఇందులో ఏమీ లేదు, నదిని పాడు చేసింది వాళ్లు కాదు. కానీ ఇంట్లో పిల్లలకు పెట్టేది కాబట్టి చెప్పక తప్పదు.

చేప జాతి విషయానికొస్తే, పొలుసుకు బొచ్చె, రవ్వ, బంగారు తీగ మంచివి. పొలుసు పెద్దది, కడగడం సులువు. తలకాయకు బొచ్చెను మించింది లేదు. కొర్రమీను కండ ఎంత బాగున్నా దాని తలలో సారం తక్కువ. ఒమేగా-3 కోసమే అయితే చెరువు చేపల కంటే కవళ్లు, కానాగంతలు లాంటి సముద్రపు చేపల్లో చాలా ఎక్కువ. అవి కోస్తా నుంచి ఐసులో వస్తాయి. ఐసు కరిగిపోయి, ముట్టుకుంటే వెచ్చగా తగిలితే కొనొద్దు. కానాగంతల లాంటివి వెచ్చదనంలో ఉంటే అలర్జీ లాంటి లక్షణాలు తెచ్చే హిస్టమిన్ పుడుతుంది, ఎంత ఉడికించినా అది పోదు.

4. కోసే చోట నిలబడి అడగాల్సినవి

దుకాణం కింద బకెట్‌లో ఉన్న తలకాయలు, పొలుసులు చవకగానో ఊరికేనో ఇస్తారు. తీసుకోవద్దు. అవి పొద్దున్నుంచి ఎండలో ఉన్నవి, పది రకాల చేపలవి, పేగులతో కలిసినవి. మీరు కొన్న చేపవే, మీ కళ్ల ముందు కోసినవే తీసుకోండి.

కోసేవాళ్లకు వరుసగా ఇలా చెప్పండి:

- ముందు చేపను కడిగి, పొలుసును విడిగా శుభ్రమైన కవర్‌లోకి తీయండి.
- కడుపు చీల్చేటప్పుడు పిత్తం పగలకుండా చూడండి.
- మొప్పలు పూర్తిగా తీసేయండి.
- తలకాయను నిలువునా రెండుగా కొట్టండి.
- పేగులు, కాలేయం, పిత్తం నా కవర్‌లో వేయొద్దు.

పిత్తం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. షుగర్ తగ్గుతుందని, చూపు మెరుగవుతుందని చేప పిత్తాన్ని పచ్చిగా మింగేవాళ్లు ఇంకా ఉన్నారు. రవ్వ, బొచ్చె, బంగారు తీగ లాంటి కార్ప్ జాతి చేపల పిత్తం విషం. ఒక పెద్ద చేప పిత్తం మింగినా కిడ్నీలు, కాలేయం దెబ్బతింటాయి. మన దేశంలోనే రవ్వ పిత్తం మింగి కిడ్నీలు ఆగిపోయిన కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. ఉడికించినా, సారాయిలో కలిపినా ఆ విషం పోదు. మింగిన కొన్ని గంటల్లో వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి మొదలవుతాయి. అవి తగ్గాయనుకునేలోపు మూత్రం తగ్గిపోతుంది, కళ్లు పచ్చబడతాయి. ఎవరైనా మింగారని తెలిస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి, చేప పిత్తం మింగారని డాక్టర్‌కు స్పష్టంగా చెప్పండి. వేళకు డయాలసిస్ అందితే చాలామంది కోలుకుంటారు.

కోస్తున్నప్పుడు పిత్తం పగిలితే ఆకుపచ్చగా అయిన భాగాన్ని కోసి పారేసి, మిగతాది బాగా కడగండి.

ఇంటికి దూరం ఎక్కువైతే ఐసు తప్పనిసరి. చేప బరువెంతో ఐసూ అంత. మే నెల నల్గొండ ఎండలో అరగంట కూడా లెక్కలోకి వస్తుంది.

5. నీళ్లు: ఈ మెట్టు దాటేయొద్దు

నీళ్లు కాగబెడితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. పైగా చిక్కబడుతుంది. లీటరుకు 2 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు రెండు లీటర్లు పోసి లీటరు అయ్యేదాకా మరిగించారనుకోండి, మిగిలిన లీటరులో 4 మిల్లీగ్రాములు ఉంటాయి. తాగునీటికి భారతీయ ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము. వేరే దిక్కు లేకపోతే గరిష్ఠంగా 1.5.

ఆరోగ్యానికని గంటలు గంటలు మరిగించే చారు ఫ్లోరైడ్ గాఢతను పెంచే పని అవుతుందన్నమాట. అందుకని:

- చారుకు కృష్ణా నీళ్లు వచ్చే భగీరథ నల్లా నీళ్లు గానీ, ఆర్వో నీళ్లు గానీ వాడండి. కడగడానికి బోరు నీళ్లు పర్వాలేదు, నానబెట్టడానికి, ఉడికించడానికి వద్దు.
- నల్లా నీళ్లు ఒక్కోరోజు రాకపోతే బోరు నీళ్లతో సర్దుకోకుండా చారును మర్నాటికి వాయిదా వేయండి.
- నల్లుప్పు వేయొద్దు, దానిలో ఫ్లోరైడ్ ఉంటుంది. అయోడిన్ ఉప్పు చాలు.

6. తలకాయ, తోలు చారు

కావలసినవి: రెండుగా కొట్టిన బొచ్చె తలకాయ, తోలు, రెక్కలు కలిపి అరకిలో పైన. ఒకటిన్నర లీటరు మంచినీళ్లు. అల్లం, వెల్లుల్లి, మిరియాలు, పసుపు, ఒక ఉల్లిగడ్డ.

మెట్లు:

1. రాళ్లుప్పు, పసుపు వేసి తలకాయను లోపలా బయటా రుద్దండి. మొప్పల ముక్కలు, గడ్డకట్టిన రక్తం మిగిలితే వేలితో తీసేయండి. చారు చేదుగా, నీచుగా రావడానికి అసలు కారణం ఇదే.
2. నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి.
3. చల్లటి నీళ్లలోనే వేసి పొయ్యి మీద పెట్టండి. మరిగే నీళ్లలో వేస్తే పైపొర బిగుసుకుపోయి సారం సరిగా దిగదు.
4. తెట్టు పైకి రాగానే గరిటెతో తీసేయండి. తర్వాతే అల్లం, వెల్లుల్లి, మిరియాలు, ఉల్లిగడ్డ వేయండి.
5. సెగ తగ్గించండి. అక్కడక్కడా ఒక్కో బుడగ లేచేంత సెగ చాలు. మూత ఓరగా పెట్టి 40 నిమిషాలు.
6. పలుచటి బట్టలో వడకట్టండి. బొక్కలు, ముండ్లు అన్నీ తీసేయండి.
7. పులుపు ఇప్పుడే కలపండి.

ఏడో మెట్టు దగ్గర ఆగాలి. కాల్షియం దిగుతుందని ముందుగానే వెనిగర్ పోసి మరిగించమని చాలాచోట్ల రాస్తారు. పులుపు బొక్కల్లోంచి ఖనిజాలను లాగుతుంది, నిజమే. కాల్షియంతో పాటు ఫ్లోరైడ్‌నూ లాగుతుంది. లాగినా ఆ చారులో వచ్చే కాల్షియం గ్లాసు పాలతో పోలిస్తే చాలా తక్కువ. కాబట్టి చింతపండు, నిమ్మ, టమాటా ఏదైనా వడకట్టాకే వేసుకోండి.

చింతపండు మానేయమని మాత్రం చెప్పను. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 2002లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనంలో చింతపండు తిన్న పిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయింది. అది మందు కాదు. కానీ మన చేపల పులుసులో చింతపండును పక్కన పెట్టాల్సిన పనీ లేదు.

మోతాదు: మనిషికి ఒక గ్లాసు, వారానికి రెండు సార్లు. రోజూ తాగినందువల్ల అదనపు లాభం ఏమీ లేదు. ఫ్రిజ్‌లో రెండు రోజులు నిల్వ ఉంటుంది. తీసిన ప్రతిసారీ ఒక పొంగు రానివ్వండి.

తలకాయలోని మెత్తని కండను వడకట్టాక ముల్లు ఏరి చారులో కలుపుకోండి. ప్రోటీన్ చారులో కంటే ఆ కండలోనే ఎక్కువ.

7. పొలుసుల జెల్లీ

ఇక్కడ పులుపును ముందే వాడతాం, కానీ ఆ నీళ్లను పారబోస్తాం. పొలుసు మీదున్న ఖనిజాల పొర కరిగి పులుపు నీళ్లలోకి పోతుంది. దానితో పాటు ఫ్లోరైడ్ కూడా కొంత పోతుంది. మెత్తబడిన పొలుసులోంచి జెలటిన్ సులువుగా దిగుతుంది. ఇంట్లో చేసుకునేవాటిలో కొల్లాజెన్ పొడికి దగ్గరగా వచ్చేది ఇదొక్కటే.

1. రెండు పెద్ద చేపల పొలుసులు, సుమారు 150 గ్రాములు, తీసుకోండి. పిడికెడు రాళ్లుప్పు వేసి చేతులతో నలిపి కడగండి. జిగురు పోయి పొలుసులు గరగరలాడేదాకా నాలుగైదు సార్లు.
2. లీటరు నీళ్లలో 100 మిల్లీలీటర్ల తెల్ల వెనిగర్ కలిపి పొలుసులు గంటసేపు నానబెట్టండి. వెనిగర్ లేకపోతే రెండు పెద్ద నిమ్మకాయల రసం. స్టీలు గిన్నె గానీ గాజు గిన్నె గానీ వాడండి, అల్యూమినియం వద్దు.
3. ఆ నీళ్లు పారబోసి, పొలుసులను మంచినీళ్లతో మూడుసార్లు కడగండి.
4. 600 మిల్లీలీటర్ల కొత్త నీళ్లు, దంచిన అల్లం ముక్క వేసి సన్నని సెగ మీద రెండు గంటలు ఉంచండి. సలసలా మరగనివ్వొద్దు. మరిగితే జెలటిన్ విరిగి గడ్డకట్టే గుణం తగ్గుతుంది. పొలుసులు చుట్టలు చుట్టుకుంటాయి, నీళ్లు చేతికి జిగటగా తగులుతాయి.
5. బట్టలో వడకట్టి, పొలుసులు పారేయండి.
6. చల్లారాక ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచండి.

పొద్దున్నకు మెత్తగా, తేటగా గడ్డకడుతుంది. ఎండాకాలం బయట పెడితే కాసేపట్లోనే కరిగి నీళ్లవుతుంది. చేప జెలటిన్ గుణమే అంత, పాడైందని అనుకోకండి. కారం, నిమ్మరసం, కొత్తిమీర వేసుకుని తినొచ్చు, వేడి చారులో, పప్పులో రెండు చెంచాలు కలిపేసుకోవచ్చు. పచ్చి బొప్పాయి, పచ్చి అనాసతో మాత్రం కలపొద్దు, వాటిలోని ఎంజైములు జెల్లీని నీళ్లు చేస్తాయి.

దీని నుంచి ఎంత ఆశించవచ్చు? కొల్లాజెన్ పెప్టైడ్లను, అంటే చిన్న ముక్కలుగా విరగ్గొట్టిన కొల్లాజెన్‌ను, రోజుకు 2.5 నుంచి 10 గ్రాముల వరకు, రెండు మూడు నెలలు ఇచ్చిన అధ్యయనాల్లో చర్మం తేమలో, సాగే గుణంలో, కొందరి మోకాళ్ల నొప్పిలో కొంచెం మెరుగుదల కనిపించింది. ఆ అధ్యయనాల్లో చాలావాటికి డబ్బు పెట్టింది వాటిని అమ్మే కంపెనీలే, అది గుర్తుపెట్టుకోండి. ఇంటి జెల్లీలో ఎన్ని గ్రాములుందో కొలిచే దారి లేదు.

ఇంకో మాట. జెలటిన్‌లో ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం ఉండదు, కాబట్టి ఇది పూర్తి ప్రోటీన్ కాదు. పప్పు, గుడ్డు, చేప కండ మానేసి దీన్నే నమ్ముకోవద్దు. ఒంట్లో కొల్లాజెన్ తయారవ్వాలంటే విటమిన్ సి కావాలి. ఆ రోజు ఉసిరికాయో, జామకాయో తినండి.

8. రొయ్య పొట్టుతో ఎర్ర నూనె

రొయ్యను కాల్చినా, ఉడికించినా ఎర్రబడటానికి కారణం అస్టాజాంథిన్. పచ్చి రొయ్యలో అది ఒక ప్రోటీన్‌కు అతుక్కుని నల్లగా, నీలంగా కనిపిస్తుంది. వేడికి ఆ పట్టు వదులుతుంది. ఈ రంగు నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే పొట్టుతో చారు కాయడం కంటే నూనె తీయడం మేలు.

1. ఐసులో ఉన్న తాజా రొయ్యలవే వాడండి. తల నల్లబడితే పారేయండి. తలలోని మెత్తటి ముద్దను తీసేసి గట్టి పెంకు మాత్రం ఉంచండి.
2. కడిగి, నీళ్లు వాడ్చి, బట్ట మీద ఆరబెట్టండి. తడి ఉంటే నూనె చిమ్ముతుంది, త్వరగా పాడవుతుంది.
3. పావుకిలో పొట్టుకు 150 మిల్లీలీటర్ల పల్లీ నూనె. సన్నని సెగ మీద 12 నుంచి 15 నిమిషాలు కలుపుతూ ఉంచండి. పొట్టు మాడకూడదు.
4. వడకట్టి గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. వారంలో వాడేయండి.

కూర దించేముందు ఒక చెంచా చాలు. రుచి అద్భుతంగా ఉంటుంది. అస్టాజాంథిన్ మేలు గురించి జరిగిన పరిశోధనలు మాత్రం మోతాదు లెక్కకట్టిన క్యాప్సూళ్లతో చేసినవి. ఈ నూనెను వంట దినుసుగా చూడండి.

పొట్టును ఎండబెట్టి పొడి చేసుకుని కైటోసాన్ అనుకుని తినడం వద్దు. పొడి చేసినా అది కైటినే, మన పేగులకు అంతగా అరగదు. కైటోసాన్ కావాలంటే దాన్ని గాఢమైన కాస్టిక్ సోడాలో ఎక్కువ వేడి మీద ఉడికించాలి. అది ఫ్యాక్టరీ పని. ఇంట్లో ప్రయత్నిస్తే కళ్లు, చేతులు కాలుతాయి.

ఆస్తమా ఉన్నవాళ్లకు ఒక జాగ్రత్త: రొయ్యలు నల్లబడకుండా కొన్నిచోట్ల సల్ఫైట్ కలుపుతారు. అది కొందరికి ఆయాసం తెప్పిస్తుంది.

9. బొక్కల పొడి: మన దగ్గర వద్దే వద్దు

ఎండబెట్టి, వేయించి, మిక్సీలో పొడి చేసి కాల్షియం కోసం తినమనే సలహా బాగా తిరుగుతోంది. ఫ్లోరైడ్ ఎముకకు అతుక్కుంటుంది. నీళ్లలోని ఫ్లోరైడ్ తీయడానికి కాల్చిన ఎముకల బొగ్గును వాడే పద్ధతి ఉన్నదే అందుకు. అలాంటి బొక్కను పొడి చేసి, ఇప్పటికే ఫ్లోరైడ్ నిండిన ఒంట్లోకి పంపడం నాకు ఏ కోణంలోనూ సమంజసంగా అనిపించదు. కాల్షియం కోసం పాలు, పెరుగు, రాగులు, నువ్వులు తినండి. కాల్షియం బాగా ఉన్న తిండి కడుపులో ఫ్లోరైడ్‌ను పట్టుకుని ఒంటికి ఎక్కకుండా కొంత ఆపుతుంది కూడా.

10. డబ్బా కొనేటప్పుడు

ముందు దుకాణంలోనే డబ్బా వెనక్కి తిప్పి ఇవి చూడండి:

- ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్స్ నంబర్ ఉందా?
- దేని నుంచి తీశారో రాశారా? చేప తోలా, పొలుసా, రొయ్యా?
- మాంసాహార గుర్తు ఉందా? రొయ్య నుంచి తీసిన గ్లూకోసమైన్‌కు పచ్చ చుక్క ఉండకూడదు.
- "నయం చేస్తుంది" అని రాశారా? ఆహార ఉత్పత్తి మీద జబ్బు నయం చేస్తుందని రాయడం చట్టవిరుద్ధం. ఆ మాట కనిపిస్తే పక్కన పెట్టేయండి.
- తయారీ తేదీ ఎంత పాతది?

చేప నూనె. "1000 మిల్లీగ్రాములు" అని ముందు పెద్దగా ఉంటుంది. అది నూనె బరువు. పని చేసేవి అందులోని ఒమేగా-3 రకాలు ఈపీఏ, డీహెచ్ఏ. మామూలు క్యాప్సూల్‌లో అవి 180, 120, అంటే కలిపి 300 మిల్లీగ్రాములే. ధరను ఆ 300తో లెక్కేసి పోల్చండి. చేప నూనె ఖాయంగా చేసే పని రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వును తగ్గించడం, అది కూడా రోజుకు 2 నుంచి 4 గ్రాముల ఈపీఏ, డీహెచ్ఏ ఇచ్చినప్పుడు. ఆ మోతాదు డాక్టర్ రాస్తేనే వాడాలి, ఎక్కువ మోతాదులో గుండె లయ తప్పే ప్రమాదం కాస్త పెరుగుతుంది. చెడు కొలెస్ట్రాల్‌ను ఇది తగ్గించదు. మామూలు ఆరోగ్యం ఉన్నవాళ్లు వారానికి రెండుసార్లు కవళ్లో కానాగంతలో తింటే చాలని నా అభిప్రాయం.

కొన్నాక ఒక క్యాప్సూల్ కత్తిరించి వాసన చూడండి. పెయింట్ వాసనో, ముక్కిన నూనె వాసనో వస్తే తిరిగి ఇచ్చేయండి. ఎండాకాలం ఆన్‌లైన్‌లో తెప్పించుకోకండి, దారిలో డబ్బా ఉడికిపోతుంది. ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టండి.

కొల్లాజెన్. పొడి అయితే ఒక మోతాదుకు ఎన్ని గ్రాములో చూడండి. 500 మిల్లీగ్రాముల క్యాప్సూళ్లతో 10 గ్రాములు చేరాలంటే రోజుకు 20 మింగాలి. కొనేముందు ఈ లెక్క వేసుకోండి.

గ్లూకోసమైన్. రోజుకు 1500 మిల్లీగ్రాములు మామూలు మోతాదు. 2006లో అమెరికాలో వచ్చిన పెద్ద అధ్యయనంలో మొత్తం మీద ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గా పనిచేయలేదు, నొప్పి ఎక్కువున్న కొద్దిమందిలో, అదీ కాండ్రాయిటిన్ అనే మరో పదార్థంతో కలిపి ఇచ్చినప్పుడు మాత్రం కొంత ఆశ కనిపించింది. వాడి చూడాలనుకుంటే మూడు నెలలు వాడండి. తేడా లేకపోతే ఆపేయండి.

కైటోసాన్. బరువు తగ్గడానికని అమ్ముతారు. మంచి అధ్యయనాల్లో తగ్గిన బరువు నామమాత్రం. పైగా ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటికి పట్టకుండా అడ్డుపడొచ్చు. నేనైతే కొనొద్దంటాను.

ఏది మొదలుపెట్టినా ఒకసారికి ఒక్కటే. మూడు డబ్బాలు కలిపి మొదలుపెడితే ఏది పనిచేసిందో, దేనితో దద్దుర్లు వచ్చాయో తెలియదు. మెట్లు ఎక్కడం, రాత్రి నిద్ర, పొద్దున కీళ్ల బిగుతు ఎలా ఉన్నాయో వారానికోసారి ఒక కాగితం మీద రాయండి. డాక్టర్ రాసిన మందులు మాత్రం వీటి కోసం ఆపకండి.

11. తరచూ జరిగే తప్పులు, దిద్దుకునే తీరు

- చారు చేదుగా ఉంది: మొప్పలు మిగిలాయి లేదా పిత్తం తగిలింది. పిత్తం అనుమానం ఉంటే పారబోయండి, రుచి సరిచేయాలని చూడొద్దు.
- చారు తెల్లగా, మడ్డిగా ఉంది: సెగ ఎక్కువైంది. తినొచ్చు, ఈసారి సెగ తగ్గించండి.
- జెల్లీ గడ్డకట్టలేదు: నీళ్లు ఎక్కువయ్యాయి. మూత తీసి సన్నని సెగ మీద మూడో వంతు తగ్గేదాకా ఉంచి మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టండి. ఆర్వో, నల్లా నీళ్లు వాడినప్పుడే ఇలా చిక్కబరచండి.
- జెల్లీ నీచు వాసన వస్తోంది: పొలుసు సరిగా కడగలేదు. ఉప్పుతో నలపడం ఇంకో రెండుసార్లు చేయండి.
- కుక్కర్‌లో పెట్టారు: ముండ్లు మెత్తబడి విరిగి చారులో కలుస్తాయి. జెలటిన్ కూడా విరుగుతుంది. మామూలు గిన్నే వాడండి.
- ఎండు రొయ్యలతో చేశారు: బీపీ ఉన్నవాళ్లకు ఉప్పు ఎక్కువ, ఇసుక ఉంటుంది. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి రెండుసార్లు కడగండి.
- చారు తాగాక పెదవులు వాచాయి, గొంతు పట్టేసింది: అలర్జీ. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. మళ్లీ కొంచెం తాగి చూద్దామనే ప్రయత్నం చేయొద్దు.

12. వడకట్టాక మిగిలిన పిప్పి

ఉడికిన ముండ్లు కుక్కలకు, పిల్లులకు వేయొద్దు, గొంతులో గుచ్చుకుంటాయి. పొలుసు, పొట్టు, ముండ్లు మట్టిలో జానెడున్నర లోతు పాతి, పైన ఎండుటాకులు వేసి కప్పండి. లోతు తక్కువైతే కుక్కలు తవ్వుతాయి. ఉప్పుతో నలిపిన పొలుసును పాతేముందు ఒకసారి కడగండి, ఉప్పు మొక్కకు పడదు. రొయ్య పొట్టు మట్టిలో కుళ్లేటప్పుడు కైటిన్‌ను తినే సూక్ష్మజీవులు పెరుగుతాయి. వేరును పట్టే నులిపురుగుల గుడ్ల పొరలో కూడా కైటిన్ ఉంటుంది కాబట్టి వాటికీ దెబ్బ తగులుతుంది. టమాటా, వంగ, బెండ వేసే మడిలో నాటడానికి నెల ముందు పాతితే సరిపోతుంది.